ఇంగ్లీషు రాకపోతే జపనీసు రాదా?



మన హాస్టలు వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ తప్పకుండా ఒక వ్యాసం ఉంటుంది. దాని పేరు 'నేటి పోటీ ప్రపంచంలో ఇంగ్లీషు ఆవశ్యకత'. ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం లేదు, ఇంగ్లీషు రాకపోతే విదేశం లేదు, ఇంగ్లీషు రాకపోతే మనిషే కాదు అన్నట్టుగా అది సాగుతుంది. ఆ వ్యాసం చదివిన ప్రతిసారీ మాలో సగం మంది తల దించుకుంటారు. ఎందుకంటే పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటరులోనో పాలిటెక్నిక్‌లోనో ఒక్కసారిగా ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చున్నవాళ్ళం మేము. ఇంగ్లీషు వద్దని మేము అనడం లేదు. కానీ ఈసారి ఆ వ్యాసం కాకుండా వేరే వ్యాసం రాయాలని అనుకున్నాము.

దానికి కారణం ఉంది. ఈ ఏడాది మా హాస్టలు గేటు దగ్గర ఎవరో కరపత్రాలు పంచి పోయారు. మూడు నెలల కోర్సు, జపానులో గ్యారంటీ ఉద్యోగం, నెలకు లక్షకు పైగా జీతం, మొత్తం ఖర్చు నాలుగు లక్షలు అని అందులో ఉంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. ఐటిఐ చదివే ఒక అన్న "ఇంట్లో రెండెకరాలు ఉంది, కుదువ పెడితే వస్తుంది" అన్నాడు. డిగ్రీ చదివే ఇంకో అన్న "ఇంగ్లీషే సక్కంగా రానోళ్ళకు జపనీసు యాడ వస్తుంది?" అని నవ్వేశాడు. ఈ రెండు మాటలూ తప్పేనని మా అభిప్రాయం. పొలం ఎందుకు కుదువ పెట్టకూడదో తరువాత చెబుతాము. ముందు భాష సంగతి.

ఒక వాక్యం చూడండి. 'తిరుపతి నుంచి చెన్నై దాకా బస్సులో పోతాను.' దీన్ని జపనీసులో చెప్పాలంటే 'తిరుపతి కరా చెన్నై మదే బసు దె ఇకిమసు.' కరా అంటే నుంచి. మదే అంటే దాకా. దె అంటే లో. ఇకిమసు అంటే పోతాను. మాట పక్కన మాట పెట్టుకుంటూ పోతే సరిపోయింది, వరుస మార్చే పనే లేదు! ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే 'పోతాను' ముందుకు రావాలి, 'నుంచి' తిరుపతికి ముందు కూర్చోవాలి, అంతా తలకిందులు. మనం ఇంగ్లీషులో తడబడేది తెలివి లేక కాదు, వాక్యాన్ని తిరగేయవలసి రావడం వల్ల. జపనీసులో ఆ బాధ లేదు. విభక్తి ప్రత్యయం మాట తరువాతే వస్తుంది, క్రియ చివరికే వస్తుంది. ప్రశ్న అడగాలంటే మనం 'పోతారు'ను 'పోతారా' చేసినట్టే వాళ్ళు చివర ఒక 'కా' తగిలిస్తారు. 'ఇకిమసు కా?' అంతే.

అక్షరాల సంగతి ఇంకా బాగుంటుంది. వాళ్ళ అక్షరమాల అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, కి, కు, కె, కొ అని సాగుతుంది. ఇది మన గుణింతం కాక మరేమిటి? ఆ తరువాతి వరుసలు స, త, న, హ, మ, య, ర, వ. క తరువాత త, త తరువాత న, చివర్లో య ర వ. ఈ వరుస కాకతాళీయం కాదు. పూర్వం జపాను బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాలు చదవడానికి సిద్ధం అనే భారతీయ లిపిని నేర్చుకున్నారు, ఆ వర్ణక్రమం నుంచే వాళ్ళ అక్షరాల పట్టిక తయారైంది. హిరగానలో ఇప్పుడు వాడే అక్షరాలు 46. మనం ఆరేళ్ళ వయసులో అంగన్‌వాడీ అరుగు మీద, పలక మీద వత్తులతో సహా దిద్దిన వాటితో పోలిస్తే ఇదెంత? బస్సును వాళ్ళు 'బసు' అంటారు, హోటలును 'హొతెరు' అంటారు. మన అవ్వలు అన్నట్టే మాట చివర అచ్చు చేరుస్తారు. 'కలం'కూ 'కాలం'కూ తేడా తెలిసిన మనకు 'ఒబసన్' అంటే పిన్ని లేదా అత్త, 'ఒబాసన్' అంటే అవ్వ అని రెండోసారి చెప్పనక్కరలేదు. పేరు చివర 'గారు' అన్నట్టు 'సన్' అంటారు. పెద్దవాళ్ళతో ఒక తీరు, తోటివాళ్ళతో ఒక తీరు మాట్లాడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

అయితే కష్టం లేదని చెబితే మేమూ ఆ కరపత్రం వాళ్ళతో సమానమవుతాము. హిరగాన కాక కతకాన అని ఇంకో అక్షరమాల ఉంది. వీటి మీద కాంజీ అనే బొమ్మల అక్షరాలు ఉన్నాయి. మామూలు వాడుకకు అక్కడి ప్రభుత్వం నిర్ణయించినవే 2,136. వాటికి దగ్గరి దారి లేదు, రోజుకు అయిదో ఆరో రాసి రాసి చేతికి పట్టించుకోవడమే. జె.ఎల్.పి.టి. అనే పరీక్షకు అయిదు మెట్లు ఉన్నాయి, అన్నిటికన్నా కింది మెట్టు ఎన్-5, పై మెట్టు ఎన్-1. పనికి పోవడానికి సాధారణంగా అడిగే ఎన్-4కు సుమారు 300 కాంజీ, 1,500 మాటలు, దాదాపు మూడు వందల గంటల చదువు కావాలని అంచనా. మూడు వందల గంటలు అంటే ఏమిటి? రోజూ సాయంత్రం మన స్టడీ అవరులో ఒక్క గంట. సెలవులు తీసేసినా ఏడాదిన్నర లోపు. మూడు నెలల్లో గ్యారంటీ అనేవాడి మాటకూ దీనికీ ఎంత దూరమో మీరే లెక్క వేసుకోండి.

జపానుకు మనతో పనేమిటి అని అడిగే తమ్ముళ్ళు ఉన్నారు. అక్కడ ముసలివాళ్ళు ఎక్కువయ్యారు, పిల్లలు పుట్టడం లేదు. జనాభాలో 65 ఏళ్ళు దాటినవాళ్ళు నూటికి సుమారు 29 మంది. 2024లో జపాను పౌరులకు పుట్టిన పిల్లలు ఏడు లక్షల లోపే. అందుకని 2019 ఏప్రిల్‌లో 'తొకుతెయి గినో' అనే కొత్త వీసా పెట్టారు. ముసలివారి సంరక్షణ, వ్యవసాయం, భవన నిర్మాణం, ఆహార పదార్థాల తయారీ వంటి రంగాలలో పని పరీక్ష, భాషా పరీక్ష రెండూ పాసైనవారికి అయిదేళ్ళ దాకా పని చేసే అవకాశం ఉంది. డిగ్రీ అడగరు. మన దేశంతో దీని ఒప్పందం 2021 జనవరిలో జరిగింది. 2025 ఆగస్టులో ప్రధాని టోక్యో వెళ్ళినప్పుడు, అయిదేళ్ళలో నైపుణ్యం గల 50 వేల మంది భారతీయులు జపాను వెళ్ళేలా చూడాలని రెండు దేశాలూ అనుకున్నాయి. 2024 అక్టోబరు నాటికి అక్కడ పనిచేస్తున్న విదేశీయులు 23 లక్షలు. అందులో వియత్నాం వాళ్ళే 5 లక్షల 70 వేలు. మన దేశం వాళ్ళు, చదువుకునేవారు, పిల్లాపాపలతో కలిపి కూడా, 54 వేలు. ఆర్ఆర్ఆర్ సినిమాకు అక్కడి జనం నెలల తరబడి క్యూ కట్టారు, అంతకు ముందు 1998లోనే రజనీకాంత్ 'ముత్తు'కు కట్టారు. మన పాటలు పోయినంత దూరం మన పిల్లలు పోలేదన్నమాట.

ఇక పొలం కుదువ పెట్టే సంగతి. మా అభిప్రాయం మొత్తం ఇక్కడే ఉంది కనుక కొంచెం నిదానంగా చదవండి.

మన సీమకు విదేశం అంటే ఇన్నాళ్ళూ కువైటే. పీలేరు, మదనపల్లి, రాయచోటి, రాజంపేట వైపు ఏ ఊరిలో అడిగినా ఇంటికొకరు పోయి వచ్చినవారు కనిపిస్తారు. వాళ్ళ డబ్బుతో మిద్దెలు లేచాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి, అది కాదనలేము. కానీ పోయిన అక్కలలో ఎంతమంది పాసుపోర్టు చేతిలో లేక, జీతం అందక, మాట తెలియక ఏడ్చారో మా ఇళ్ళల్లోనే విన్నాము. ఆ దారిలో ముందు ఏజెంటు వస్తాడు, తరువాత అప్పు వస్తుంది, అన్నిటికన్నా చివర భాష వస్తుంది. అదీ దెబ్బలు తిని నేర్చుకున్న భాష! జపాను దారిలో ముందు పరీక్ష ఉంది. ఎన్-4 గానీ, జె.ఎఫ్.టి. బేసిక్ అనే కంప్యూటరు పరీక్ష గానీ పాసు కానిదే తొకుతెయి గినో వీసా రాదు. ఇది అడ్డంకి అని చాలామంది అనుకుంటారు. మేము దీన్ని కంచె అంటాము. ఆ సర్టిఫికెట్ మన పేరు మీద ఉంటుంది, ఏ ఏజెంటూ దాన్ని తన బీరువాలో పెట్టుకోలేడు. మాట వచ్చిన మనిషి జీతం చీటీ చదవగలడు, ఓవర్‌టైము అడగగలడు, కార్మిక శాఖ ఆఫీసు ఎక్కడ అని దారి అడగగలడు.

భాష లేకుండా, అప్పుతో పోతే జపాను కూడా కువైటే. 1993 నుంచి అక్కడ టెక్నికల్ ఇంటర్న్ ట్రైనింగ్ అనే పద్ధతి నడుస్తోంది, మన దేశం 2017లో అందులో చేరింది. పేరుకు శిక్షణ, చేయించేది పని, యజమానిని మార్చుకునే వీలు దాదాపు లేదు. జపాను ఇమిగ్రేషన్ శాఖ 2022లో ప్రకటించిన సర్వేలో, అలా వచ్చిన ట్రైనీలలో సగానికి పైగా సొంత దేశంలో అప్పు చేసి వచ్చినవారేనని తేలింది. 2023 ఒక్క ఏడాదిలో 9,700 మందికి పైగా పనిచేసే చోటు వదిలి కనబడకుండా పోయారు. అప్పు మెడ మీద ఉన్నవాడు చెడ్డ యజమానిని భరించాలి, లేదా పారిపోవాలి. ఇన్ని విమర్శలు వచ్చాకనే 2024 జూన్‌లో ఆ పద్ధతిని రద్దు చేసి 'ఇకుసెయి షూరో' అనే కొత్త చట్టం చేశారు. అది 2027 ఏప్రిల్‌లో మొదలు కావాలి. అందులో కొంతకాలం పని చేశాక యజమానిని మార్చుకోవచ్చు, అయితే దానికి పనిలో నైపుణ్యంతో పాటు జపనీసు పరీక్ష కూడా పాసై ఉండాలి. గమనించారా? చెడ్డ చోటు నుంచి బయటపడే హక్కు కూడా భాష వచ్చినవాడికే!

కరపత్రంలోని నాలుగు లక్షల మాట చెబుతామన్నాము కదా. మన దేశంలో ప్రభుత్వం దగ్గర రిజిస్టరు అయిన రిక్రూటింగ్ ఏజెంటు ఒక మనిషి దగ్గర తీసుకోదగ్గ సర్వీసు ఛార్జి 30 వేల రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతకు మించి అడిగితే ఎందుకని అడగాలి. ఏజెంటు పేరు ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా లేదా అని మన కంప్యూటరు గదిలోనే చూసుకోవచ్చు. జీతం లెక్క కూడా చూద్దాం. 2025లో ప్రకటించిన కనీస వేతనం సగటున గంటకు 1,121 యెన్లు. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 22 రోజులు అనుకుంటే లక్షా 97 వేల యెన్లు, మన డబ్బులో లక్షకు కొంచెం అటూ ఇటూ. కరపత్రం ఇంతవరకే చెబుతుంది. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను, గది అద్దె, తిండి పోగా సగం మిగిలితే గొప్ప. యెన్ విలువ కూడా ఈ మధ్య బాగా తగ్గింది. ఆ మిగిలిన సగంలో నుంచి నాలుగు లక్షల అప్పుకు నూటికి మూడు రూపాయల వడ్డీ కడుతూ పోతే మొదటి ఏడాది ఎవరి కోసం పని చేసినట్టు?

ఈ వీసాతో అయిదేళ్ళ పాటు భార్యాబిడ్డలను తీసుకుపోయే వీలు లేదు. ఇది చిన్న విషయం కాదు. పెళ్ళైన అన్నలు, అక్కలు బాగా ఆలోచించుకోవాలి.

సంరక్షణ పని గురించి ఒక మాట. దాన్ని 'కైగో' అంటారు. ఎక్కువ పిలుపులు ఉన్నది దీనికే, నర్సింగ్ చదివే మన చెల్లెళ్ళను ఎక్కువగా అడుగుతున్నదీ దీనికే. నర్సు ఉద్యోగం అనుకుని పోతే నిరాశపడతారు. ముసలివారికి స్నానం చేయించడం, అన్నం తినిపించడం, మలమూత్రాలు శుభ్రం చేయడం ఆ పని. 'ఇంత చదివి మళ్ళీ ఈ పనేనా?' అని మాలో ఒకరు అడిగారు. ఆ ప్రశ్న మనకు ఎందుకు గుచ్చుకుంటుందో మన హాస్టలు పిల్లలకు వేరే చెప్పాలా? తరతరాలుగా ఊరి మురికిని మన చేతుల మీదుగానే పోగొట్టుకున్నారు, ఆ చేతులనే అంటరానివన్నారు. అయితే జపానులో కైగోకు పాఠ్యపుస్తకం ఉంది, పరీక్ష ఉంది, జాతీయ స్థాయి లైసెన్సు ఉంది. ఆ లైసెన్సు సాధించినవారికి 2017 నుంచి వేరే వీసా ఉంది, దాని మీద కుటుంబాన్ని తీసుకుపోవచ్చు. పని మురికిది కాదు, పని చేసేవాడిని చూసే చూపు మురికిది. చేయాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే, మేము చెప్పేది కాదు.

అలాగని జపాను కులం లేని స్వర్గమని కూడా అనుకోవద్దు. తోలు పని, పశువులను కోసే పని, శవాల పని చేసేవారిని అక్కడా వందల ఏళ్ళు వెలివేశారు. 1871లో ప్రభుత్వం ఆ అంతరాన్ని రద్దు చేసింది గానీ చూపు మారలేదు. 1922 మార్చి 3న క్యోటోలో వాళ్ళే 'సుయిహెయిషా' అనే సంఘం పెట్టుకుని ఆత్మగౌరవం కోసం పోరాడారు. బురాకు వివక్షను నిర్మూలించాలని పార్లమెంటు మళ్ళీ ఒక చట్టం చేసింది 2016లో! అంటే ఇంకా మిగిలి ఉందనే కదా. మన బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళు ముట్టింది 1927లో. ఎంత దగ్గర దగ్గర సంవత్సరాలో చూడండి. ఇక అక్కడికి పోయాక జపాను వాళ్ళు మన కులం అడగరు, వాళ్ళకు అర్థం కాదు. మన తెలుగువాళ్ళే నలుగురు చేరిన చోట 'మీరేమోళ్ళు?' అని అడగరన్న గ్యారంటీ మాత్రం మేము ఇవ్వలేము.

దేశం దాటడం ఇష్టం లేనివారికి కూడా ఈ భాషతో పని ఉంది. 2008లో మొదలైన శ్రీసిటీ ఉన్నది మన సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోనే. అది అప్పట్లో చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లా. అక్కడ ఇసుజు వాహనాల ఫ్యాక్టరీ 2016లో తెరిచారు, డైకిన్ ఏసీల ఫ్యాక్టరీ 2023లో తెరిచారు. కోబెల్కో, యూనిచార్మ్, తోరే ఇలా జపాను కంపెనీలు చాలా ఉన్నాయి. ఆ కంపెనీల కోసం పొలాలు పోయింది మన వైపు ఊళ్ళలోనే. కాంట్రాక్టు లేబరుగా, సెక్యూరిటీగా లోపలికి పోతున్నవాళ్ళలో మనవాళ్ళు ఉన్నారు. జపాను ఇంజనీరు మాటను లైను మీది ఆపరేటరుకు తెలుగులో చెప్పగలిగే మనిషికి అక్కడ ఎంత విలువ ఉంటుందో ఊహించండి. డిప్లొమా చేతిలో ఉండి, ఎన్-3 ఉండి, తెలుగు సొంత భాష అయినవాడు! ఆ కుర్చీలో కూర్చోవడానికి చెన్నై నుంచో బెంగుళూరు నుంచో మనిషి రావలసిన అవసరమేముంది?

కాబట్టి మేము అడిగేది ఏమిటంటే, జపనీసును గేటు బయటి కరపత్రాల చేతిలో వదలకుండా గేటు లోపలికి తీసుకురండి. లెక్కలకు, ఇంగ్లీషుకు ట్యూటర్లను పెట్టినట్టే రెండు మూడు హాస్టళ్ళకు కలిపి ఒక జపనీసు ట్యూటరును పెట్టండి. హైదరాబాదు ఇఫ్లూలో జపనీసు చదివినవారు ఉన్నారు, వారిని పిలవవచ్చు. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ నర్సింగ్ చదివినవారికి భాష నేర్పించే ఏర్పాటు చేసి జపాను పంపుతోంది. విదేశీ ఉద్యోగాల కోసం మన రాష్ట్రానికీ ఓంక్యాప్ ఉంది, అది మన హాస్టళ్ళ దాకా రావాలి. ఎస్సీ విద్యార్థులకు కేంద్రం 1954-55 నుంచి నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇస్తోంది, మంచిదే, కానీ అది పీజీకీ పీహెచ్‌డీకీ మాత్రమే. ఐటిఐ తమ్ముడికి, నర్సింగ్ చెల్లెలికి అది పనికి రాదు. 1913లో అంబేడ్కర్ అమెరికా పోయింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. ఇంటరు అయినవారికి జపాను ప్రభుత్వమే ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఒకటి ఉంది. ఫీజు లేదు, విమానం ఖర్చు ఇస్తారు, డిగ్రీకి ముందు ఏడాది భాష నేర్పుతారు. సీట్లు బహు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ దాని పేరు మనకు తెలియకుండా ఉండటం ఏ పోటీలోనూ భాగం కాదు.

పుస్తకాల మాట ఒకటి మిగిలింది. మన బజారులో దొరికే జపనీసు పుస్తకాలలో వివరణ ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులాగే నడిచే భాషను ఇంగ్లీషు మీదుగా తిప్పి నేర్చుకోవడం అంటే తిరుపతి నుంచి చంద్రగిరికి చెన్నై మీదుగా పోవడమే. జపాను ఫౌండేషన్ వారు 'ఇరోదోరి' అనే పుస్తకాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, దానికి నేపాలీలో, వియత్నామీసులో వివరణలు ఉన్నాయి. తెలుగు వివరణ కావాలని అడగవలసింది మనం. ఈలోగా మాలో తొమ్మిది మంది హిరగాన పట్టిక తెలుగు గుణింతంతో కలిపి చార్టు గీసి స్టడీ హాలు గోడకు అంటించాము. కావలసినవారు రాసుకోవచ్చు.

జె.ఎల్.పి.టి. జులైలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి జరుగుతుంది. మనకు దగ్గరి సెంటర్లు చెన్నై, బెంగుళూరు. దరఖాస్తు నెలల ముందే పెట్టాలి. పాసుపోర్టు లేనివారు ఇప్పుడే పెట్టుకోండి, పదో తరగతి మెమో జత చేస్తే ఇ.సి.ఆర్. ముద్ర లేకుండా వస్తుంది. మెమోలో, ఆధార్‌లో ఇంటిపేరు ఒక్కలాగే ఉందో లేదో ముందుగా చూసుకోండి. మాలో నలుగురి పేర్లు రెండు రకాలుగా ఉన్నాయి, అవి సరిచేయించడానికి సంతకం కోసం వార్డెన్ సారు దగ్గర కాగితాలు పెట్టాము.